మందూ, పథ్యమూ: స్థౌల్యాన్ని గురించి కొన్ని మాటలు

తెలుగులో మందు, పథ్యం అనే మాటలు జంటగా నడుస్తాయి. ఉర్దూలో దవా, పర్హేజ్ అనేవీ అట్లే. ‘పథ్యం’ సంస్కృత పదం. మార్గవాచకమైన శబ్దం నుండి పుట్టినది. దారికి అనుకూలమైనది, దారి తప్పనీయనిది అని దాని భావం. ‘పర్హేజ్’ పారశీకం నుండి వచ్చినది. తొలగి ఉండుట దాని అర్థం. నిగ్రహం గలవానిని పర్హేజ్‌గార్ అంటారు. ఒక మాట దారిలో నడవమంటుంది, మరొకటి తొలగి ఉండమంటుంది. రెండు సంప్రదాయాలలోనూ మందు ఒంటరిగా రాదు. అయితే బరువు తగ్గించే మాత్రల ప్రకటనలలో కొట్టవచ్చినట్లు కనిపించేది “పథ్యం అక్కరలేదు” అనే మాటే. ఆ వ్యాపార రహస్యమంతా ఈ రెండు మాటలలోనే ఇమిడి ఉన్నది.

నేను వైద్యుడను కాను, భాషాధ్యాపకుడను. అయినను ఈ విషయం ఎత్తుకొనుటకు కారణం ఉన్నది. పెండ్లి కుదిరిన ఇంట ముహూర్తానికి రెండు నెలల ముందు పెండ్లికుమార్తె ‘సన్నబడాలి’ అనే మాట వినబడుతుంది. అంతవరకు ఎవరికీ పట్టని బరువు ఒక్కసారిగా ఇంటిల్లిపాదికీ సమస్య అవుతుంది. అరవై రోజులలో అలవాటు మారదు. మాత్ర మాత్రం దొరుకుతుంది.

స్థౌల్యం నేటి వ్యాధి కాదు. చరకసంహిత ఎనిమిది విధాల నిందిత శరీరాలను పేర్కొని, వారిలో అతిస్థూలుని, అతికృశుని ప్రత్యేకంగా చర్చించింది. ఇద్దరిలో స్థూలునికే చికిత్స కష్టమన్నది. ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథంలో ఆరోగ్యరక్షణకు వ్యాయామాన్ని, ఆహారాన్ని, నిద్రను ముఖ్యాంగాలుగా చెప్పి, వ్యాయామంతోనే చర్చ ప్రారంభించాడు. ఇద్దరూ రోగి దినచర్యనే ముందు పట్టుకున్నారు.

అసలు ఎవరు తగ్గవలెను? కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థౌల్యం అని మన వైద్యనిపుణులు 2009లో నిర్ణయించారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. మనకు ఈ హద్దు తక్కువగా ఎందుకు పెట్టారంటే, చూపుకు సన్నగా ఉన్న భారతీయుని కడుపులోనూ కొవ్వు దాగి ఉంటుంది. పూనాకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్ ఒక ఆంగ్ల వైద్యునితో కలిసి తీయించుకొని 2004లో ప్రచురించిన ఛాయాచిత్రం ప్రసిద్ధమైనది. ఇద్దరికీ ఆ అంకె 22.3, కాని ఆంగ్లేయుని దేహంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ గారి దేహంలో 21.2 శాతం. కనుక అద్దం చెప్పే తీర్పును నమ్మరాదు. హద్దులోపలే ఉండి కూడ ఫోటో కోసం చిక్కిపోగోరే అమ్మాయికి మందూ వద్దు, ఉపవాసమూ వద్దు. ‘లంఖణం పరమౌషధం’ అనే సామెత జ్వరానికి, అజీర్ణానికి పనికివస్తే రావచ్చును.

ఇక మాత్రల చరిత్ర. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సు దేశపు మందుగుండు కర్మాగారాలలో డైనైట్రోఫినాల్ అనే రసాయనంతో పనిచేసిన కార్మికులు చెమటలు కారి, జ్వరపడి, చిక్కిపోయారు, కొందరు మరణించారు. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రసాయనమే బరువు తగ్గిస్తుందని ప్రకటించారు. ఏడాది తిరిగేసరికి దానిని వాడినవారు లక్షకు తక్కువ ఉండరని అంచనా వేశారు. అది పనిచేసే విధానం వినదగినది. మనం తిన్న అన్నం కణాలలో మండి శక్తిగా మారుతుంది. ఈ మందు ఆ శక్తిని పనికి అందనీయక వేడిగా పోనిస్తుంది. ఇంజనులో పెట్రోలు మండుతూనే ఉంటుంది, చక్రం తిరగదు. బరువు తగ్గిన మాట నిజమే. కాని మోతాదు ఏమాత్రం మించినా దేహం లోపలినుండి కాగిపోతుంది, దానికి విరుగుడు లేదు. పడుచువారి కండ్లలో శుక్లాలు పుట్టాయి, మరణాలు సంభవించాయి. 1938లో కొత్త చట్టం వచ్చిన పిదప అక్కడ దాని అమ్మకం ఆగింది. ఆగింది అన్నానే గాని, దొంగచాటు అమ్మకం నేటికీ ఉన్నది. 2015లో బ్రిటన్‌లో 21 ఏండ్ల విద్యార్థిని ఒకరు ఆ మాత్రలు తెప్పించుకొని మింగి మరణించింది.

తరువాతి మందుల కథ కూడ ఇంచుమించు ఇంతే. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను దెబ్బతీస్తున్నదని 1997లో అమెరికాలో ఉపసంహరించారు. రిమోనబాంట్ మనోవ్యాకులతను కలిగిస్తున్నదని 2008లో ఐరోపాలో ఆపారు. గుండెపోటు, పక్షవాతాల భయంతో సిబుట్రమిన్‌ను 2010లో అమెరికా, ఐరోపాలు తొలగించగా, 2011లో మన దేశం నిషేధించింది. ‘కేవలం మూలికలు’ అని అమ్మిన అనేక మాత్రలలో ఇదే సిబుట్రమిన్ రహస్యంగా కలిసి ఉన్నట్లు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షలలో కనుగొన్నది. ఊరూ పేరూ లేని డబ్బాలోని మందును ‘ఆకుపసరే గదా’ అని తీసుకొనేవారు ఈ సంగతి గమనింపవలెను.

అన్ని మందులనూ ఒకే గాట కట్టుట న్యాయం కాదు. సెమాగ్లుటైడ్ అనే సూదిమందును పరీక్షించిన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 68 వారాలలో దానిని పొందినవారి బరువు సగటున 14.9 శాతం, ఉత్తుత్తి మందు పొందినవారి బరువు 2.4 శాతం తగ్గింది. ఇది సామాన్య విషయం కాదు. స్థౌల్యం వల్ల వ్యాధులు ముసిరినవారికి వైద్యుడు దీనిని వ్రాస్తే కాదనుటకు మనమెవరము? అయితే ఆ పరీక్షలోనూ అందరికీ ఆహార వ్యాయామాల సలహా ఇచ్చారు. పథ్యం అక్కడా ఉన్నది. మందు, ఆ సలహా రెండూ ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగివచ్చింది.

మరి పథ్యం బలమెంత? అమెరికాలో మధుమేహం అంచున ఉన్న 3,234 మందిపై జరిగిన పరిశీలన 2002లో ప్రచురితమైనది. వారానికి 150 నిమిషాల నడకతో, మితాహారంతో గడిపినవారిలో వ్యాధి 58 శాతం తగ్గింది. మెట్ఫార్మిన్ మాత్ర తీసుకున్నవారిలో 31 శాతం. మెట్ఫార్మిన్ మధుమేహపు మందే గాని సన్నబడుటకు చేసినది కాదు. అయినను పోలిక విలువైనది. ఇందులో నాకు ముఖ్యంగా తోచినది మరొకటి. నడకవారిని ‘మీ ఇష్టం’ అని వదలలేదు. మొదటి ఆరు నెలలలో ఒక్కొక్కరికి పదహారు పాఠాలు చెప్పారు, తరువాత నెలనెలా పలుకరించారు. అట్లుండియు ఏడు శాతం బరువు తగ్గాలనే లక్ష్యాన్ని మొదట సగం మంది చేరగా, చివరివరకు నిలుపుకున్నవారు 38 శాతమే. ఉత్సాహం ఎంత త్వరగా చల్లారుతుందో చూడండి.

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందిపై చేసిన ఇటువంటి పరిశీలన 2006లో వెలువడినది. అలవాట్లు మార్చుకున్నవారిలో వ్యాధి 28.5 శాతం తగ్గింది. వింత ఏమంటే, వారి బరువు చెప్పుకోదగినంత తగ్గనే లేదు! తూకపు ముల్లు కదలకున్నా దేహం లోపల మేలు జరుగుతూనే ఉన్నది. ఎక్కువమంది మాత్రవైపు తిరిగేది ముల్లు కదలని మూడవ వారంలోనే అని నా ఊహ. ముల్లును చూసి పట్టిన ఉత్సాహం ముల్లుతోనే పోతుంది. ఈ రోజు నడిచానా లేదా అని చూసుకొనేవానికి ఆ బెడద లేదు.

అలవాటు ఎన్నాళ్లకు కుదురుతుంది? లండనులో 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన వ్యాసం ప్రకారం మధ్యస్థంగా 66 రోజులు. ఒకరికి 18, మరొకరికి 254. వారు ఎంచుకున్నవి చిన్న పనులే: మధ్యాహ్న భోజనంతో ఒక పండు, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగు. ఏదైనా నిత్యకృత్యానికి ముడివేసిన పని తొందరగా పాతుకొంటుంది. నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టం లేదని కూడ వారు గమనించారు. ‘నిన్న తప్పింది, ఇక ఎందుకులే’ అనే నిరాశకు ఆధారం లేదన్నమాట.

మన చాయ్‌నే తీసుకుందాం. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే 40 గ్రాములు, 160 క్యాలరీలు. ఏడాదికి 58,400. కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలని లెక్క. దేహం సర్దుకుంటుంది గనుక లెక్క ప్రకారం ఏడున్నర కిలోలు తగ్గవు గాని, కొంతైనా తగ్గక మానదు. ఇరానీ చాయ్ మానమని చెప్పేంత కఠినుడను కాను. నాలుగింటిలో రెండు తగ్గించి, మిగిలినవాటిలో ఒక చెంచా తీసివేస్తే చాలును. అన్నం విషయంలోనూ ఇంతే. రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. మన పళ్లెంలో అన్నం గుట్ట, మూలన కూర. ఆ రెండింటి స్థానాలు కొంత మారవలెను, పప్పు పెరగవలెను.

నడకకు తోడు కావలెను. బాలురకు వీథులున్నాయి, మన విద్యార్థినులలో చాలమందికి ఇంటి మెట్లు, కళాశాల మెట్లు తప్ప నడిచే చోటు లేదు. వారిని నడవమని వ్యాసం వ్రాసి ఊరకుండుట సబబు కాదు. కళాశాల పాలకవర్గం వారు సాయంత్రం తరగతులు ముగిసిన పిదప మైదానాన్ని ఒక అరగంట విద్యార్థినులకే కేటాయించి, ఒక అధ్యాపికను తోడు ఉంచితే, వారానికి ఐదు రోజులలో ఆ 150 నిమిషాలూ పూర్తి అవుతాయి. దీనికి ఖర్చు లేదు. గేటు తాళం ఒక అరగంట ఆలస్యంగా వేయవలసి ఉంటుంది.