రబ్బరుబూట్ల రైతు

ఆస్ట్రేలియా దేశపు ఆగ్నేయభాగమున విక్టోరియా యను రాష్ట్రము కలదు. అందు సముద్రతీరమునకు చేరువగా ఆట్వే కొండలు వరుసగా నిలిచియున్నవి. అచ్చట వానలు మెండు, అడవులు దట్టము. ఆ కొండలలోని బీచ్ ఫారెస్ట్ అను పల్లెలో క్లిఫ్ యంగ్ అను రైతు నివసించుచుండెను. అతడు 1922వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన జన్మించెను. బంగాళాదుంపల పైరును, గొఱ్ఱెల మందలును ఆ కుటుంబమునకు జీవనాధారములు.

వారికి సుమారు 2,000 ఎకరముల బీడు ఉండెనేగాని గుఱ్ఱమును కొనుటకు స్తోమత లేకుండెను. ఆకాశము నల్లబడి గాలివాన రానున్నదని తోచినప్పుడు గొఱ్ఱెలను ఇల్లు చేర్చుపని బాలుడైన క్లిఫ్‌పై పడెడిది. బురదనేలకు తగిన రబ్బరుబూట్లు తొడిగికొని అతడు మందల వెనుక పరుగెత్తెడివాడు. ఒక్కొక్కతూరి రెండు మూడు దినములు ఎడతెగక పరుగెత్తవలసి వచ్చెడిదని అతడే తరువాత పత్రికలవారికి చెప్పెను. వారు నవ్విరి. అట్టి మాటను నమ్ముట కష్టమే కదా!

దూరపు పరుగులలో పేరుగాంచినది మారథాన్. 1896వ సంవత్సరమున ఏథెన్సు నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో దానిని మొదట నడిపిరి. దాని దూరము అప్పుడు సుమారు 40 కిలోమీటర్లు. గెలిచిన స్పిరిడాన్ లూయీ నీళ్లు మోసి జీవించువాడు. నేటి దూరమైన 42 కిలోమీటర్ల 195 మీటర్లు 1908వ సంవత్సరపు లండన్ క్రీడలలో మొదట పరుగెత్తబడి, 1921లో స్థిరపడెను. అంతకు మించిన పరుగుల నన్నింటిని అల్ట్రా మారథానులందురు. వానిలో కొన్ని ఒక్కదినమున ముగియును. కొన్ని దినములతరబడి సాగును.

యంగ్ ఏబదియేండ్లు దాటిన పిదపనే ఇట్టి పందెములలో దిగెను. 1982వ సంవత్సరాంతమున అతడు పెద్ద సాహసమునకు పూనుకొనెను. వేయి మైళ్లను, అనగా సుమారు 1,609 కిలోమీటర్లను, అందరికంటె వేగముగా పరుగెత్తవలెనని అతని కోరిక. అప్పటికి ఆ దూరపు ప్రపంచ రికార్డు 11 దినముల 23 గంటలు. కోలాక్ అను ఊరి నడుమనున్న తోటచుట్టును అతడు తిరుగసాగెను. సగము దూరము దాటునంతలో, 805 కిలోమీటర్లకడ, ఆగిపోయెను. తమకు అనుభవము చాలలేదనియు, సన్నాహము సరిగా లేదనియు అతడు దాచక ఒప్పుకొనెను. స్వంత ఊరికి దగ్గరలో, తెలిసినవారి కన్నులయెదుట కలిగిన ఓటమి యది. అరువదియేండ్లవాడు ఇక దుంపలు తవ్వుకొనుచు ఇంట కూర్చుండినను తప్పుపట్టువారు లేరు.

కాని కొద్దినెలలకే, 1983వ సంవత్సరము ఏప్రిల్ నెలలో, సిడ్నీనుండి మెల్బోర్న్ నగరమునకు జరుగు పందెమున అతడు నిలువబడెను. దూరము 875 కిలోమీటర్లు. ఇరువది మారథానులకంటె ఎక్కువ. తక్కిన పందెగాండ్రు అతనికంటె వేగము గలవారు. యంగ్ అడుగులు చూచిన జనులకు జాలి కలిగెను. పాదములను నేలనుండి పెద్దగా ఎత్తక, చేతులు వ్రేలాడవైచి, ఈడ్చుకొనుచు పోవువానివలె అతడు సాగుచుండెను. మొదటి దినమున అందరును అతనిని దాటిపోయిరి.

అప్పటి వాడుక ప్రకారము పందెగాండ్రు రాత్రివేళ ఆరుగంటలు నిద్రించి, మిగిలిన కాలము పరుగెత్తుదురు. యంగ్ అట్లు చేయలేదు. నిద్రను మిక్కిలి తగ్గించి చీకటిలోనే ముందునకు సాగెను. మొదటి రాత్రియే అతడు ముందంజలోనికి వచ్చెను. తరువాత ఎవ్వరును అతనిని అందుకొనలేకపోయిరి. వెనుకనుండి గాలివాన తరుముకొని వచ్చుచున్నట్లును, తాను గొఱ్ఱెలను ఇల్లు చేర్చవలసియున్నట్లును ఊహించుకొనుచు పరుగెత్తితినని అతడు తరువాత చెప్పెను. 5 దినముల 15 గంటల 4 నిమిషములకు అతడు మెల్బోర్న్ చేరెను. ఆ రెండు నగరముల నడుమ అదివరకున్న రికార్డుకంటె ఇది దాదాపు రెండు దినములు తక్కువ. రెండవవాడు వచ్చునప్పటికి మఱి పదిగంటలు గడచెను.

ఈ వృత్తాంతము విన్నవారు కుందేలు, తాబేళ్ల కథను తలచుకొందురు. అది అంత సరియైన పోలిక కాదు. ఇచ్చటి కుందేళ్లు సోమరులు కారు. గర్వించి నిద్రించినవారును కారు. విశ్రాంతి లేనిదే దేహము నిలువదని అందరివలె వారును నమ్మిరి. ఆ నమ్మకములో న్యాయము లేకపోలేదు. యంగ్‌కు చిన్ననాటినుండి వేఱొక అలవాటుండెను, భేదమంతయు అదియే.

అతని ఈడ్పుటడుగులలోను ఒక విశేషమున్నది. వేగముగా పరుగెత్తువాడు అడుగడుగునకు తన దేహమును పైకెత్తి దింపుచుండును. ఆ యెత్తుటకు శక్తి వ్యయమగును. దిగునపుడు మోకాళ్లకు తాకిడి తగులును. పాదము నేలకు దగ్గరగా జరిగినచో ఈ రెండును తగ్గును. మఱియు మన కండరములలోను కాలేయములోను నిలువయుండు చక్కెరసత్త్వము కొలదిపాటిది. వేగముగా పోవు మారథాన్ పందెగానికి అది సుమారు 30 కిలోమీటర్లకు తఱిగిపోవుటయు, కాళ్లు బరువెక్కుటయు తఱచుగా జరుగును. మెల్లగా పోవువాని దేహము క్రొవ్వును ఎక్కువగా వాడుకొనును. క్రొవ్వు బక్కవానియందును దినములతరబడి సరిపోవునంత యుండును. యంగ్ సగటువేగము గంటకు ఆరున్నర కిలోమీటర్లు మాత్రమే. బస్సు తప్పిపోవునని త్వరపడు మనుష్యుని నడక యంత! అట్లుండియు, ఆ నడకను ఐదు దినములకు పైగా నిలుపుకొనుటలోనే కష్టమంతయు నున్నది. తరువాతి కాలపు దూరపు పందెగాండ్రలో కొందఱు ఆ అడుగులనే నేర్చుకొనిరి.

అతడు ఏమియు నెఱుగని పల్లెటూరివాడై, రబ్బరుబూట్లతోనే ఆ పందెమంతయు పరుగెత్తెనని కొందఱు కథలు చెప్పుదురు. అవి వినుటకు ఇంపుగా నుండును గాని, కోలాక్ నాటి ఓటమిని, ఆట్వే కొండదారులలో అతడు చేసిన సాధనను మఱపించును. బూట్లు గొఱ్ఱెల కాలపువి.

ఆ పందెమునకు బహుమానము 10,000 డాలర్లు. బహుమానమున్నట్లే తనకు తెలియదనియు, తక్కినవారును తనంతగానే శ్రమించిరనియు పలికి అతడు ఆ సొమ్మును తోడి పందెగాండ్రకు పంచియిచ్చెను.

1997వ సంవత్సరమున, డెబ్బదియైదేండ్లు నిండిన వయసులో, ఇండ్లులేని బాలల సహాయార్థము ఆస్ట్రేలియా చుట్టును పరుగెత్తుటకు అతడు బయలుదేరెను. అది సుమారు 16,000 కిలోమీటర్ల దారి. 6,520 కిలోమీటర్లు పోయినంతలో వెంటనున్న ఒకే ఒక సహాయకునికి జబ్బుచేసెను. యంగ్ పరుగు మానుకొనెను.

2003వ సంవత్సరము నవంబరు 2వ తేదీన అతడు మరణించెను. బీచ్ ఫారెస్ట్‌లో ఆ యూరివారు అతనికొక స్మారకచిహ్నము నిలిపిరి. అది రబ్బరుబూటు ఆకారమున నున్నది.