తొలిసారి పెంచు పాము: దాని పడక, దాని ఆహారము

“పాముకు పాలు పోసి పెంచినట్లు” అను సామెత మన యిండ్లలో తరచుగా వినబడును. ఉర్దూలో కపట మిత్రుని “ఆస్తీన్ కా సాంప్” అందురు. అనగా చొక్కా చేతిలో దాగిన పాము అని అర్థము. రెండు భాషలును పామునే ద్రోహిగా నిలిపినవి. జంతుశాస్త్ర విద్యార్థులమైన మాకు మాత్రము ఆ మొదటి సామెతలో మరియొక సంగతి తోచినది. పాలు పాముకు ఆహారమే కాదు. అది ప్రాణులను మ్రింగి బ్రదుకు మాంసాహారి. నీరీయక పలు దినములుంచిన పాము దాహమునకు తాళలేక పాలలో మూతి పెట్టును. ఆ పాలు జీర్ణము గాక దానికి హాని చేయును. కావున ఇచ్చట కీడు పొందినది పామే గాని, పాలు పోసినవాడు కాడు.

ఈ విషయము మేము చర్చించుటకు ఒక ఉత్తరము కారణమైనది. మా మిత్రుడొకడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. అచ్చట పాములను పెంచువారు పలువురు కలరు. కుమార్తె ముచ్చటపడగా అతడు కార్న్ స్నేక్ అను జాతి పాముపిల్లను కొని, గాజుపెట్టెలో పరిమళము కొరకు దేవదారు చిత్రిక పొట్టు పరచినాడు. తెచ్చిన నాడే దానికి చుంచుపిల్లను పెట్టినాడు. అది మ్రింగిన వెంటనే బిడ్డ దానిని చేతులలోనికి తీసికొని ఆడించినది. మరునాడు పాము తిన్నది కక్కినది. ఆకలిగా నున్నదని జాలిపడి మరల పెట్టినారు, మరల కక్కినది. రెండు వారములలో అది చనిపోయినది. “ప్రేమతోనే చూచితిమి గదా, మా తప్పేమి?” అని అతడు వ్రాసినాడు. ఆ ప్రాణము ఏ ఒక్క కారణమున పోయినదో దూరమునుండి మేము నిర్ణయింపజాలము. కాని జరిగిన పొరపాట్లు స్పష్టముగానే యున్నవి. వానిని వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పాము పుట్టిన చోటు

పడకయైనను, ఆహారమైనను ఎన్నుకొనుటకు ముందు ఆ పాము ఎచ్చటిదో తెలిసికొనవలెను. కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ ప్రాంతములోని పైన్ అడవులలోను, పొలములలోను, ధాన్యపు కొట్టముల చెంతను తిరుగు విషములేని పాము. పెరిగినది సాధారణముగా మూడు నుండి ఐదు అడుగుల పొడవుండును. చక్కగా పెంచిన 15 నుండి 20 ఏండ్లు జీవించును.

పాము తన శరీరమునకు కావలసిన వేడిని పరిసరములనుండియే గ్రహించును. ఆ వేడి చాలనిచో మ్రింగిన ఆహారము అరుగదు. అందువలన పెట్టె యొక్క ఒక కొన సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనముతోను, రెండవ కొన సుమారు 24 డిగ్రీలతోను ఉండవలెను. పాము తనకు కావలసిన చోటికి తానే జరుగును. వేడినిచ్చు పలకకు థర్మోస్టాట్ తప్పక అమర్చవలెను. లేనిచో పాము పొట్ట కాలును. రెండు కొనలయందును దాగుటకు మరుగు, ఎల్లప్పుడు మంచినీరు, గట్టిగా బిగియు మూత అవసరము.

పడక

పడక తేమను పీల్చవలెను, దూరి దాగుటకు అనువుగా నుండవలెను, శ్వాసకు హాని చేయరాదు. దేవదారు పొట్టు ఈ మూడవ పరీక్షలో తప్పినది. మనకు పరిమళమైన ఆ చెక్కలోని తైలములే మూసిన పెట్టెలో పాము ఊపిరితిత్తులను బాధించును. ఇసుక తేమను నిలుపజాలదు, ఆహారముతో కలిసి కడుపులోనికి పోవును, అదియు తగదు.

క్రొత్తగా తెచ్చిన పాముకు కొన్ని వారములపాటు సిరా ఆరిన పాత వార్తాపత్రికలే మేలు. అవి చౌక, మలము, కక్కుడు, పురుగులు వెంటనే కనబడును. ఆరోగ్యము కుదుటపడిన పిదప కార్న్ స్నేక్‌కు ఆస్పెన్ చెక్క పొట్టును రెండు మూడు అంగుళముల మందమున పరచవచ్చును. పాము దానిలో సొరంగములు చేసికొని తిరుగును. అయితే ఆస్పెన్ తడిసినచో బూజు పట్టును. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలకు చెందిన బాల్ పైథాన్ అను చిన్న కొండచిలువకు గాలిలో తేమ హెచ్చుగా నుండవలెను గనుక దానికి కొబ్బరి పొట్టు తగినది. మన కోనసీమలో పీచు తీసిన పిదప మిగులు పొట్టు వంటిదే అది. ఒక పాముకు మేలైన పడక మరియొక పాముకు మేలు కానేరదు.

మలినమైన భాగమును చూచిన నాడే తీసివేయవలెను. నెలకొకసారి పడక నంతయు మార్చి పెట్టెను కడుగవలెను.

ఆహారము

మాంసపు ముక్కలు పాముకు చాలవు. ఎముకలతోను, కాలేయముతోను కూడిన సంపూర్ణ ప్రాణియే దానికి సమగ్రాహారము. పిల్ల పాముకు వెండ్రుకలు మొలవని చుంచుపిల్లను ఐదు నుండి ఏడు దినములకొకసారియు, పెద్ద పాముకు తగిన చుంచెలుకను పది నుండి పదునాలుగు దినములకొకసారియు ఇత్తురు. ఎలుక లావు పాము నడుము లావునకు సమానముగానో, కొంచెము హెచ్చుగానో ఉండవలెను.

బ్రదికియున్న ఎలుకను వేయుట సహజమని కొందరి వాదము. మూసిన పెట్టెలో ఎలుకకు పారిపోవు దారి లేదు. అది తిరుగబడి పామును కొరికి తీవ్రముగా గాయపరచును. ఎలుకకును అది క్రూరత్వమే. కావున చంపి గడ్డకట్టించి అమ్ము ఎలుకలను వాడుట ఉత్తమము. రాత్రి ఫ్రిజ్‌లో నుంచి కరగనిచ్చి, పిదప సంచిలో నుంచి వేడినీటిలో ముంచి, వెచ్చనైన దానిని పొడవైన పట్టకారుతో అందీయవలెను. పడక పొట్టు అంటకుండ చదునైన రాతిపలకపై పెట్టుట మంచిది. పామును, ఎలుకను ముట్టిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి వానినుండి మనకు సోకవచ్చును.

ఇప్పుడు మిత్రుని ఉత్తరమునకు వత్తము. క్రొత్త పాముకు వారము దినములు విశ్రాంతి నిచ్చి ఆ మీదట తిండి పెట్టవలసియుండెను. తిన్న పిదప రెండు దినములు దానిని తాకరాదు. కక్కినచో పది పదునాలుగు దినములు ఆగి, వేడిని సరిచూచి, మునుపటికంటె చిన్న ఆహారము నీయవలెను; మరల కక్కినచో పశువైద్యునికి చూపవలెను. వెంటనే మరల పెట్టుట జాలి వలె కనబడును గాని అప్పటికే దెబ్బతిన్న కడుపునకు అది రెండవ దెబ్బ. కుబుసము విడుచుటకు ముందు కన్నులు నీలివన్నెకు తిరిగినపుడు పాము తినకున్న భయపడనక్కరలేదు.

మన దేశమున

ఇది చదివి ఏ విద్యార్థియు పొలమునుండి జెర్రిపోతునో, త్రాచునో పట్టి తేరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అది నేరము. అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలో చేరిన బాల్ పైథాన్ వంటి విదేశీ జాతులను ఉంచుకొనువారు 2022 నాటి సవరణను అనుసరించి ప్రభుత్వమునొద్ద నమోదు చేయించుకొనవలెను. మన చేలలో ఎలుకలను తిని పంటను కాచు జెర్రిపోతుకు చేనే ఇల్లు. దానికి పెట్టెయు, పడకయు అవసరము లేదు.

పాము అరవదు, మూలుగదు, చేయి నాకి తన మనసు తెలుపదు. కుక్క ఆకలి ఇంటివారికి తెలియును. పాము బాధ తెలిసికొనవలెనన్న ముందుగా చదువవలెను. మిత్రుడు ప్రేమించినాడు, కాని తనకు నచ్చిన పరిమళమును, తనకు తోచిన ఆకలిని పాముకు అంటగట్టినాడు. మేము వ్రాసిన జాబునకు అతడు ఇట్లు బదులిచ్చినాడు: “పెట్టె ఖాళీగానే యున్నది. అమ్మాయి ముందు థర్మామీటరు చూచుట నేర్చుకొనుచున్నది. మరియొక పామును గూర్చి తరువాత ఆలోచింతుము.” ఆ క్రమమే సరియైనదని మేము తలచుచున్నాము.