త్రాగే నీరు - పారేసే మందులు

కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. అవి ఎలా శుభ్రపడి వస్తున్నాయో మనలో చాలామందికి పట్టదు. రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి కనుక నీటి విలువ నాకు కొంత తెలుసు. కెమిస్ట్రీ చదువుతున్నవాణ్ణి కనుక దాని మంచిచెడ్డలను గూర్చి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మున్సిపాలిటీ వారు నీటిలో ముందుగా పటిక కలుపుతారు. బురద రేణువులు ఒకదానికొకటి అంటుకొని అడుగుకు దిగుతాయి. పైనీటిని ఇసుకలో వడగట్టి, చివర క్లోరిన్ కలుపుతారు. కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతోంది. దీన్ని మన ల్యాబులోనే చూడవచ్చు. నీటిలో కొంచెం ఎసిటిక్ ఆమ్లం, పొటాషియం అయొడైడ్, గంజి ద్రావణం కలిపితే, క్లోరిన్ ఉన్నట్లయితే నీలిరంగు వస్తుంది.

అయితే ఆ నీలిరంగు చూసి నిశ్చింతగా ఉండరాదు. పటిక, ఇసుక, క్లోరిన్ బురదకూ సూక్ష్మజీవులకూ విరుగుడు. నీటిలో కరిగిపోయిన మందులు వీటికి పూర్తిగా లొంగవు. ఐ.ఎస్. 10500లో ఫ్లోరైడుకూ, సీసానికీ, పురుగుమందులకూ హద్దులున్నాయి గాని, మనం మింగే మాత్రలకు లేవు.

హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరు ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ. అక్కడ సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది! ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

అది ఫ్యాక్టరీల మురుగు. కుళాయి నీటిలో మందులుంటే, అవి మామూలుగా అతి స్వల్పం. వాటివల్ల మనిషికి నేరుగా హాని కలగడం చాలా అరుదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012 నివేదిక తెలిపింది. మరి భయమెక్కడ? రైతుబిడ్డలకు ఇట్టే తెలుస్తుంది. చేలో చాలీచాలని మందు కొడితే బలహీనమైన పురుగు చస్తుంది, తట్టుకున్నది పిల్లల్ని పెడుతుంది. కొన్నాళ్లకు ఆ మందు పనిచేయదు. మురుగులోని యాంటీబయాటిక్ బాక్టీరియా విషయంలో చేసేదీ ఇదే. పైగా బాక్టీరియా ఆ తట్టుకునే జన్యువును ఇతర జాతులకు కూడా అందిస్తుంది. రేపు మన ఇంట్లో పసిబిడ్డకు టైఫాయిడ్ వస్తే, డాక్టరు రాసిన మందు పనిచేయకపోవచ్చు.

పశువుల మందు సంగతీ చూడండి. నొప్పికి డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి చస్తున్నాయని 2004లో తేలింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. అప్పటికే రాబందులు చాలావరకు మాయమయ్యాయి. వాడిన మందు వాడినచోటే ఆగదని ఇంతకన్న ఋజువేం కావాలి?

మింగిన మందులో కొంత మూత్రంలో పోక తప్పదు. కాని మిగిలిన మందును పారబోయకుండా ఆపడం మన చేతిలో పని.

1. డాక్టరు చెప్పినన్ని మాత్రలే కొనాలి, పూర్తిగా వాడాలి.

2. మిగిలినవి సింకులో, కాలువలో, పెంటకుప్పలో వేయరాదు. ఆ పెంటే రేపు చేనికి ఎరువు.

3. తిరిగి తీసుకునే మందుల షాపు ఉంటే అక్కడివ్వాలి. లేదా మున్సిపాలిటీ చెత్తబండికి విడిగా అప్పగించాలి. 2016 నాటి నియమాలే వీటిని ఇంటి ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చాయి.

4. మార్ఫిన్ వంటి కొన్ని మత్తుమందులకు వేరే పద్ధతి ఉంది. ఫార్మసిస్టును అడిగి తెలుసుకోవాలి.

కేరళ ప్రభుత్వం 2025లో ఇళ్లనుండి వాడని మందులను సేకరించే పథకం మొదలుపెట్టింది. మన హాస్టళ్లలో ఏ గది సొరుగు తీసినా సగం వాడిన మాత్రల అట్టలు దొరుకుతాయి. ప్రతి హాస్టలు ఆఫీసులో తాళం వేసిన పెట్టె ఒకటి పెట్టి, నెలకోసారి మున్సిపాలిటీకి అప్పగించే పని మన విద్యార్థి సంఘం చేపట్టాలని కోరుతున్నాను. పెట్టెకయ్యే ఖర్చు స్వల్పం. మన మురుగు వెళ్లే కాలువ దిగువన కూడా ఊళ్లున్నాయి, చేలున్నాయి, ఆ నీరు త్రాగే పశువులున్నాయి.