గేమింగ్ కంప్యూటర్ కూర్చుకోవడం: చల్లదనం, పొందిక

ఈసారి గోడపత్రికకు కవిత కాకుండా ఏదైనా శాస్త్ర విషయం రాయమని మేడమ్ చెప్పారు. నేను ఈ మధ్య రెండు నెలలు కుస్తీ పట్టి నేర్చుకున్నది ఒకటుంది. ఆటలాడుకునే కంప్యూటర్‌ను విడిభాగాలుగా కొని ఇంట్లో కూర్చుకోవడం. అందులో ముఖ్యమైనవి రెండే సంగతులు: వేడిని ఎలా బయటికి పంపాలి, భాగాల మధ్య పొందిక ఎలా చూసుకోవాలి. మన క్లాసులో గేమ్స్ ఆడేవాళ్లు నలుగురైదుగురున్నారని నాకు తెలుసు. మిగతావాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు కంప్యూటర్ కొనక తప్పదు. అందుకే రాస్తున్నాను.

డబ్బు సంగతి ముందు చెప్పాలి. మా అమ్మ చీటీ పాడి తెచ్చిన 70 వేలు ఇవి. "నువ్వూ తమ్ముడూ ఇద్దరూ వాడుకోండి. మళ్లీ నాలుగైదేళ్ల దాకా నన్ను అడగొద్దు" అంది. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రిచీ స్ట్రీట్‌లో ఒక అంగడికి వెళ్లాను. అంగడాయన నేను అడిగిన ప్రశ్నలకు కూడా పద్నాలుగేళ్ల మా తమ్ముడి వైపు చూసే జవాబు చెప్తూ ఒక కొటేషన్ రాసిచ్చాడు. ఖరీదైన ఎనిమిది కోర్ల ప్రాసెసర్, రంగురంగుల లైట్ల వాటర్ కూలర్, ముందంతా అద్దం ఉన్న క్యాబినెట్, 16 జీబీ ర్యామ్ ఒకే ముక్కగా, 4 జీబీ పాత గ్రాఫిక్స్ కార్డ్, ఎప్పుడూ పేరు వినని కంపెనీ ఎస్ఎంపీఎస్. మొత్తం సరిగ్గా 70 వేలు. తమ్ముడు లైట్లు చూసి "అక్కా, ఇదే తీసుకుందాం" అన్నాడు. నేను కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, మళ్లీ వస్తామని చెప్పి బయటికొచ్చాను.

నా అనుమానానికి కారణం పోయిన మే నెలలో మా పెద్దమ్మ వాళ్లింట్లో జరిగింది. అన్నయ్య కంప్యూటర్ మధ్యాహ్నం పూట ఇరవై నిమిషాలు ఆడగానే ఆగిపోయేది. రాత్రి ఏసీ వేసుకుంటే బాగానే నడిచేది. అది కూడా అద్దం ముఖమున్న క్యాబినెట్టే. ఒకరోజు పక్క పలక విప్పి ఆడి చూశాం. ప్రాసెసర్ వేడి పన్నెండు డిగ్రీలు తగ్గింది, మిషన్ ఆగలేదు. అంటే కూలర్‌ది తప్పు కాదు, దానికి గాలి అందడం లేదన్నమాట. మీ ఇంట్లో కంప్యూటర్ వేడెక్కుతుంటే మొదట చేయాల్సిన పరీక్ష ఇదే. పక్క పలక తీస్తే వేడి బాగా తగ్గిందంటే తప్పు క్యాబినెట్‌ది. తగ్గలేదంటే కూలర్‌నో, దాని కింద ఉన్న పేస్ట్‌నో చూడాలి.

1. వేడి ఎక్కడినుంచి వస్తుంది?

కంప్యూటర్ వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. 300 వాట్లు తాగే కంప్యూటర్ గదికి 300 వాట్ల హీటర్ లాంటిదే. నేను చివరికి ఎంచుకున్న ప్రాసెసర్ రైజెన్ 5 7600. డబ్బా మీద 65 వాట్లని ఉంటుంది కానీ పూర్తి బరువు మోసేటప్పుడు 88 వాట్ల దాకా తీసుకుంటుంది. ఆ వేడంతా పుట్టేది గోరంత చిప్‌లో. కూలర్ పని ఆ గోరంత చోటి వేడిని పెద్ద వైశాల్యానికి పరచి గాలికి అందించడం.

మామూలు ఎయిర్ కూలర్‌లో చిప్‌ను తాకే లోహపు అడుగు, పలచని అల్యూమినియం రేకులు, ఒక ఫ్యాన్ ఉంటాయి. కాస్త పెద్దవాటిలో రాగి గొట్టాలుంటాయి. ఆ గొట్టాల్లో కొంచెం ద్రవం ఉంటుంది. వేడి తగిలిన చోట ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి, మళ్లీ ద్రవమై వెనక్కి వస్తుంది. దానికి మోటారు అక్కర్లేదు. చిప్ మూతకూ కూలర్‌కూ మధ్య కంటికి కనిపించని గరుకు ఉంటుంది, అందులో గాలి చిక్కుకుంటుంది. గాలి వేడిని సరిగా మోయదు. థర్మల్ పేస్ట్ రాసేది ఆ సందులు నింపడానికే. బఠాణీ గింజంత చాలు. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లదనం రాదు.

2. వాటర్ కూలర్ మంచినీళ్ల కుండ కాదు

"నీళ్లు కదక్కా, చల్లగా ఉంటుంది" అని తమ్ముడి వాదన. చాలామంది అనుకునేది కూడా ఇదే. కుండలో నీళ్లు గది కన్నా చల్లగా ఉండడానికి కారణం కుండ చెమర్చి, ఆ నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోవడం. వాటర్ కూలర్‌లో నీళ్లు మూసిన గొట్టాల్లో తిరుగుతాయి. బయటికి ఆవిరై పోవు. పంపు ఆ నీళ్లను రేడియేటర్‌కు తీసుకెళ్తుంది, అక్కడ ఫ్యాన్లు గది గాలితో చల్లబరుస్తాయి. కాబట్టి అది ఎంత ఖరీదైనదైనా గది వేడి కన్నా కిందికి దిగలేదు. ఎయిర్ కూలరైనా అంతే.

మరి వాటర్ కూలర్ ఎందుకు? పెద్ద వేడికి. కోర్ ఐ9 14900కే లాంటి ప్రాసెసర్ 253 వాట్ల దాకా తీసుకుంటుంది. అక్కడ పెద్ద రేడియేటర్ వల్ల లాభం ఉంది. 88 వాట్లకు ఆ ఖర్చు దండగ. పైగా పంపు అనే తిరిగే భాగం ఒకటి ఎక్కువ, అది ఏదో ఒకరోజు అరిగిపోతుంది. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు. ఇంకో మాట: ప్రాసెసర్ మీది వాటర్ కూలర్ గ్రాఫిక్స్ కార్డ్‌ను చల్లబరచదు. ఆట ఆడేటప్పుడు ఎక్కువ వేడి పుట్టించేది ఆ కార్డే.

3. మన ఊరి లెక్క

ఇంటర్నెట్‌లో చూసే పరీక్షలు చాలావరకు ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల గదుల్లో చేసినవి. మనకు ఇక్కడ కత్తిరి వెయిల్, మన ఇళ్లల్లో పెద్దవాళ్ల మాటల్లో రోళ్లు పగిలే రోహిణి కార్తె. మే నెల చెన్నైలో బయట 40 దాటే రోజులుంటాయి. అందుకని కొనేముందు ఇలా లెక్క వేసుకోవాలి.

చిప్ వేడి = గది వేడి + క్యాబినెట్ లోపల పెరిగేది + కూలర్ మీద పెరిగేది.

ఒక కూలర్‌తో ప్రతి వాట్‌కూ అర డిగ్రీ పెరుగుతుందని అనుకుందాం. 88 వాట్లకు 44 డిగ్రీలు. గాలి బాగా ఆడే క్యాబినెట్ లోపల 6 డిగ్రీలు పెరుగుతుందని అనుకుందాం.

ఏసీ గది: 24 + 6 + 44 = 74.
మే మధ్యాహ్నం, ఏసీ లేని గది: 38 + 6 + 44 = 88.
అదే గది, గాలి ఆడని అద్దం క్యాబినెట్ (లోపల 15 పెరిగితే): 38 + 15 + 44 = 97.

ఈ ప్రాసెసర్ హద్దు 95 డిగ్రీలు. హద్దు దగ్గరికి రాగానే అది తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇంకా మించితే మిషన్ ఆగిపోతుంది. అంటే మంచి కూలర్ పెట్టి కూడా క్యాబినెట్ దగ్గర ఓడిపోవచ్చు. నేను ముందు భాగం జల్లెడలా ఉండే మెష్ క్యాబినెట్ తీసుకోవడానికి కారణం ఈ మూడో లైనే.

ఫ్యాన్ల పద్ధతి సులువు. ముందు రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి నెట్టాలి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి పైన కూడా దారి ఉంటే మంచిది. లోపలికొచ్చే గాలి కాస్త ఎక్కువగా ఉంటే సందుల్లోంచి దుమ్ము చొరబడదు, జల్లెడ గుండానే వస్తుంది. ఆ జల్లెడను నెలకోసారి దులపాలి.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. వెనక ఫ్యాన్ తిరగేసి బిగించాను. మూడు ఫ్యాన్లూ లోపలికే ఊదుతున్నాయి. దేవుడి గదిలోంచి ఒక అగరుబత్తి తెచ్చి వెనక పట్టుకుంటే పొగ క్యాబినెట్ లోపలికి పోయింది! అప్పుడు తెలిసింది. ఫ్యాన్‌కు చట్రపు పుల్లలున్న వైపు గాలి బయటికొస్తుంది. ఇది గుర్తుంటే అగరుబత్తి అక్కర్లేదు.

4. పొందిక: పూరీల లెక్క

పండగ రోజు వంటింట్లో ఒకరు పూరీలు ఒత్తుతుంటే ఇంకొకరు వేయిస్తుంటారు. ఒత్తేవాళ్లు ఎంత చురుకైనా, మూకుడు చిన్నదైతే పూరీలు దాని వేగంతోనే వస్తాయి. మూకుడు పెద్దదై ఒత్తేవాళ్లు నెమ్మదైతే నూనె ఊరికే కాగుతుంటుంది. ఆటలో ప్రతి బొమ్మకూ ప్రాసెసర్ ముందుగా లెక్కలు కడుతుంది: ఎవరు ఎక్కడున్నారు, ఏది ఎటు కదిలింది అని. గ్రాఫిక్స్ కార్డ్ ఆ లెక్కను బొమ్మగా గీస్తుంది. ఇద్దరిలో నెమ్మదైనవాళ్ల వేగమే ఆట వేగం.

గీతకు పట్టే శ్రమ తెర మీది చుక్కలను బట్టి ఉంటుంది. 1920×1080 తెరలో 20,73,600 చుక్కలు. 4కే తెరలో 82,94,400, అంటే సరిగ్గా నాలుగు రెట్లు. తెర 60 హెర్ట్జ్‌దైతే ఒక్కో బొమ్మకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 144 హెర్ట్జ్‌దైతే 6.9 మాత్రమే. కాబట్టి ముందు తెర సంగతి తేల్చుకుని తరువాతే మిగతావి ఎంచుకోవాలి. మా ఇంట్లో ఉన్నది 1080 తెర, అదే ఉంచాను.

అంగడాయన కొటేషన్‌లో ఒత్తేవాళ్లు ఎనిమిదిమంది, మూకుడు మాత్రం చాయ్ గిన్నంత. డబ్బంతా ప్రాసెసర్‌కూ లైట్లకూ పోయింది. నేను ఆరు కోర్ల ప్రాసెసర్‌కు దిగి, వాటర్ కూలర్ తీసేసి, ఆ డబ్బును 8 జీబీ ఆర్‌టీఎక్స్ 4060 మీద పెట్టాను. ఆటల కోసమే అయితే టవర్ ఖర్చులో మూడో వంతు, అంతకన్నా కొంచెం ఎక్కువ, గ్రాఫిక్స్ కార్డ్‌కు పోవడం సబబు.

మీ పాత కంప్యూటర్‌లో ఎవరు నెమ్మదో తెలుసుకోవాలంటే ఆటలో రిజల్యూషన్ తగ్గించి చూడండి. వేగం పెరిగితే కార్డ్ వెనకబడినట్టు. పెరగకపోతే ప్రాసెసర్ వెనకబడినట్టు.

ర్యామ్ 16 జీబీ ఒకే ముక్క బదులు 8 జీబీవి రెండు పెట్టాలి. అప్పుడు ప్రాసెసర్‌కు రెండు దారుల్లో సమాచారం అందుతుంది. నాలుగు గాళ్లున్న బోర్డులో మామూలుగా రెండోది, నాలుగోది వాడతారు. బోర్డుతో వచ్చే పుస్తకం చూసి పెట్టండి.

5. ఎస్ఎంపీఎస్ దగ్గర పిసినారితనం వద్దు

ప్రాసెసర్ 88, కార్డ్ 115, మిగతావన్నీ కలిపి ఒక 60. మొత్తం 263 వాట్లు. ఆ కార్డ్‌కు తయారీదారు చెప్పిన ఎస్ఎంపీఎస్ 550 వాట్లు. రెట్టింపు ఎందుకంటే, కార్డ్ క్షణకాలం పాటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. పైగా ఎస్ఎంపీఎస్ సగం బరువు దగ్గర బాగా పనిచేస్తుంది. బ్రాంజ్ రకం అయితే సగం బరువులో సుమారు 85 శాతం. అంటే 263 వాట్లు ఇవ్వడానికి గోడలోంచి 309 తీసుకుంటుంది, మిగిలిన 46 అక్కడే వేడైపోతుంది. పేరు లేని డబ్బా మీద ఎన్ని వాట్లని రాసినా నమ్మడానికి లేదు. అది కాలితే తనతోపాటు బోర్డునూ కార్డునూ తీసుకుపోగలదు.

రోజుకు మూడు గంటలు నిండుగా ఆడితే నెలకు దాదాపు 28 యూనిట్లు. మనకు బిల్లు రెండు నెలలకోసారి కాబట్టి 56. అప్పట్లో రెండు నెలలకు ఉచితంగా వచ్చిన 100 యూనిట్లలో సగం పైన ఆటకే! ఈ లెక్క అమ్మకు ముందే చూపించాను. ఆదివారాలు తప్ప రోజుకు గంటన్నర అని ఒప్పందమైంది.

చివరికి ఎలా ఉంది?

కొత్త కొటేషన్ ఇంకో అంగడిలో రాయించాను. 70 వేలల్లోనే వచ్చింది, ముందు ఫ్యాన్లు లైట్లున్నవే కొని తమ్ముడి ముచ్చట కూడా తీర్చాను. మే చివరి వారంలో 36 డిగ్రీల గదిలో గంటసేపు ఆడి హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో కొలిచాం. ప్రాసెసర్ 79, కార్డ్ 72. మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రాసెసర్‌తో ఉచితంగా వచ్చిన కూలరే ఇంకా వాడుతున్నాను. అది కొంచెం చప్పుడు చేస్తుంది, నిజమే. చీటీ కట్టడం అయ్యాక చూద్దామనుకున్నాను.

కొనబోయేవాళ్లు ఈ వరస గుర్తుపెట్టుకోండి: ముందు తెర, తరువాత గ్రాఫిక్స్ కార్డ్, దానికి తగ్గ ప్రాసెసర్, అన్నింటికీ సరిపడే ఎస్ఎంపీఎస్, గాలి ఆడే క్యాబినెట్. లైట్లు ఆఖరున. కొటేషన్ చేతికొస్తే వెంటనే డబ్బివ్వకండి. నాకు చూపించినా సరే, మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చుని ఇద్దరం లెక్క వేద్దాం.