మొరం బాట మీద సైకిల్ - పాలకుర్తి చుట్టూ మా అధ్యయన యాత్ర

వార్షికోత్సవ సంచికకు ఏదైనా "పనికొచ్చే" వ్యాసం రాయమని తమ్ముళ్లు మమ్మల్ని అడిగారు. పదో తరగతికి పనికొచ్చేదా, గ్రూప్స్‌కు పనికొచ్చేదా అంటే రెండింటికీ అన్నారు. అందుకే సైకిల్ గురించి రాస్తున్నాం. నవ్వకండి. ఇందులో భౌతికశాస్త్రం ఉంది, చరిత్ర ఉంది, మన ఊళ్ల భూగోళం ఉంది. మేము నలుగురం, ఈ హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్లం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. సంక్రాంతి సెలవుల్లో నాలుగు సైకిళ్లు అడిగి తీసుకుని పాలకుర్తి చుట్టుపక్కల తిరిగాం. అందులో ఒకటి పాలు పోసే ఆయనది. క్యాన్లు కట్టే కొక్కేలు కూడా తీయలేదు.

తారు రోడ్డు వదిలి కంకర, మొరం బాటల మీద దూరం వెళ్లే సైకిల్ ప్రయాణాన్ని బయటి దేశాల్లో గ్రావెల్ బైకింగ్ అంటారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న పట్టణం నుంచి 2006 నుంచి ఇటువంటి పెద్ద పోటీ జరుగుతోంది. దీనికి మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 2022 అక్టోబరులో ఇటలీలోని వెనెటో ప్రాంతంలో జరిగింది. విచెంజాలో మొదలై, చుట్టూ పాత కోటగోడ ఉన్న చిత్తదెల్ల పట్టణంలో ముగిసింది. ఆ దారి చాలా భాగం నదుల మధ్య చదును నేల, పొలాలు, పాత ఊళ్లు. ఆ సైకిళ్లలో లక్ష రూపాయలు దాటినవీ ఉన్నాయి. మన దగ్గర మాత్రం బండ్ల బాట మీద సైకిల్ తొక్కడం పుట్టినప్పటి నుంచి ఉన్నదే. దానికి ఒక పేరుంటుందని మనకు తెలియదు, అంతే.

ముందు నేల సంగతి. పాలకుర్తి 2016 అక్టోబరు 11 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి జనగామ జిల్లాలోకి వచ్చింది. ఊరి పక్కన పెద్ద నది లేదు. ఉన్నవి వాగులు, చెరువులు. ఈ వైపున ముఖ్యమైన ఏరు ఆకేరు. వర్ధన్నపేట మీదుగా కిందికి పోయి, ఖమ్మం జిల్లాలో మున్నేరులో కలుస్తుంది. మున్నేరు కృష్ణలో కలుస్తుంది. అంటే ఇటు పడిన వాన కృష్ణకు పోతుంది. కానీ దేవాదుల ఎత్తిపోతల పథకం వచ్చిన తర్వాత గోదావరి నీళ్లు పైపుల్లో ఎక్కి మన జిల్లా చెరువుల్లోకి వస్తున్నాయి. ఒక నదికి పోయే నేల మీద ఇంకో నది నీళ్లు నిలబడి ఉన్నాయన్నమాట. పటంలో చూస్తే ఇది అర్థం కాదు. చెరువు కట్ట మీద సైకిల్ ఆపి, మత్తడి ఎటు దుంకుతుందో, తూము నీళ్లు ఏ పొలానికి పోతున్నాయో చూస్తే అర్థమవుతుంది.

సైకిల్‌కు కట్ట మీది బాట చాలా మంచిది. చదునుగా ఉంటుంది, ఒక పక్క నీళ్లు, ఒక పక్క వరి. కట్ట దిగి చెల్కలోకి వస్తే ఎర్ర మొరం, గట్టిగా ఉంటుంది. వాగు దగ్గరికి వస్తే ఇసుక దుబ్బ, అక్కడ దిగి నెట్టాల్సిందే. వడ్లు కోతకు వచ్చిన రోజుల్లో తారు రోడ్డు సగం వడ్ల కుప్పలతో నిండి ఉంటుంది కాబట్టి అప్పుడు మొరం బాటే మేలు.

ఇక లెక్క. తమ్ముళ్లు ఇది స్వయంగా చేసి చూడాలి. టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి, ఒకరు సైకిల్ మీద కూర్చోగా వరండాలో చక్రం ఒక చుట్టు తిరిగేదాకా నడిపించాం. 2 మీటర్ల 20 సెంటీమీటర్లు వచ్చింది. 28 అంగుళాల చక్రం కాబట్టి సూత్రం ప్రకారం వ్యాసం 71 సెంటీమీటర్లు, దాన్ని 3.14 తో గుణిస్తే 223 రావాలి. మూడు సెంటీమీటర్లు ఏమయ్యాయి? మనిషి బరువుకు టైరు కింద కొంచెం అణిగింది, చక్రం ఆ మేరకు చిన్నదైంది. ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనుక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉన్నాయి. 44 ని 18 తో భాగిస్తే 2.44. పెడల్ ఒకసారి పూర్తిగా తిరిగితే వెనుక చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది, సైకిల్ దాదాపు 5.4 మీటర్లు పోతుంది. కిలోమీటరుకు 186 తొక్కుళ్లు. పాల ఆయన సైకిల్‌కు వెనుక 22 పళ్లు ఉన్నాయి. దాని మీద కిలోమీటరుకు 227 తొక్కాలి. అయితే ఎత్తు ఎక్కేటప్పుడు మేము ముగ్గురం దిగి నెట్టుకుంటూ పోతుంటే ఆ సైకిల్ మీది మిత్రుడు మాత్రం నెమ్మదిగా తొక్కుకుంటూ మమ్మల్ని దాటి పోయాడు. బలం తగ్గితే దూరం పెరుగుతుందని ఎనిమిదో తరగతిలో బట్టీ పట్టింది ఆ గడ్డ మీద అర్థమైంది.

రెండో లెక్క గాలిది. మనిషి, సైకిల్, సంచీ కలిపి 80 కిలోలు అనుకుందాం. అందులో 48 కిలోలు వెనుక చక్రం మీద పడతాయనుకుందాం. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 3 కిలోలైతే నేలకు తాకే టైరు భాగం 16 చదరపు సెంటీమీటర్లు. గాలి తగ్గించి 2 కిలోలు చేస్తే 24 అవుతుంది. టైరు గట్టితనాన్ని పక్కన పెట్టి వేసిన లెక్క ఇది. తాకే భాగం పెరిగితే ఇసుకలో తక్కువ దిగుతుంది, మొరం మీద ఎగిరిపడదు. గ్రావెల్ సైకిళ్లకు వెడల్పు టైర్లు పెట్టి గాలి తక్కువ కొట్టేది ఇందుకే. ఇది తెలిసిన సంతోషంలో మేము గాలి మరీ తగ్గించాం. దాని ఫలితం చివర చెప్తాం.

మొదట పాలకుర్తి గుట్ట. గుట్ట మీద సోమేశ్వర స్వామి, లక్ష్మీనరసింహ స్వామి గుహాలయాలు ఉన్నాయి. శివరాత్రికి జాతర. ఈ ఊరి పేరుతోనే పాల్కురికి సోమనాథుడు ప్రసిద్ధుడు. ఆయన కాలం మీద పండితుల్లో రెండు వాదాలున్నాయి. మొదటి ప్రతాపరుద్రుని నాటివాడని కొందరు, రెండో ప్రతాపరుద్రుని నాటివాడని కొందరు. పరీక్షలో రెండూ రాయండి. బసవపురాణం, పండితారాధ్య చరిత్ర ఆయన ద్విపద కావ్యాలు. రాజుల కథలు వదిలి, ప్రజలు పాడుకునే ఛందస్సులో శివభక్తుల కథలు చెప్పాడు. ఆ భక్తుల్లో మడివాలు మాచయ్య ఉన్నాడు, ఆయన బట్టలు ఉతికే వృత్తివాడు. మాదర చెన్నయ్య ఉన్నాడు, ఆయన మాదిగ. ఈ సంగతి డిగ్రీలో చదివినా మాకు పట్టలేదు. గుట్ట దిగి చిట్యాల ఐలమ్మ స్మారకం దగ్గరికి వచ్చినప్పుడు మాలో ఒకరికి తట్టింది. చాకలి భక్తుని కథను కావ్యంలో పెట్టిన కవి ఊరూ, చాకలి ఐలమ్మ ఊరూ ఒకటే. వీటి మధ్య సంబంధం ఉందని మేము అనడం లేదు, దానికి ఆధారం లేదు. కానీ ఇన్నేళ్లు రెండూ రెండు వేర్వేరు పేపర్లలో చదివాం. ఒకటి తెలుగు, ఒకటి చరిత్ర. ఒకే ఊరని ఏ గైడూ చెప్పలేదు.

ఐలమ్మ 1895లో పుట్టింది. మల్లంపల్లి దొర దగ్గర నలభై ఎకరాలు కౌలుకు తీసుకుని, నాలుగెకరాలు సాగుచేసింది. విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆ పంటను, భూమిని తీసుకోవాలని చూశాడు. ఐలమ్మ అప్పటికే ఆంధ్ర మహాసభ సంఘంలో ఉంది. సంఘం వాళ్లు పంట కోసి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. ఇల్లు కాలబెట్టారు, కేసులు పెట్టారు. కోర్టులోనూ ఆమే గెలిచింది. 1985 సెప్టెంబరు 10న మరణించింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. నాలుగెకరాలంటే ఎంతో చూద్దామని ఒక రైతును అడిగి ఆయన పొలం గట్టు మీద నడిచాం. సైకిల్ మీదైతే రెండు మూడు నిమిషాల్లో చుట్టి రావచ్చు. అంత చిన్న జాగ.

బమ్మెర కూడా ఈ మండలంలోదే. బమ్మెర పోతన 15వ శతాబ్దపు కవి, భాగవతాన్ని తెలుగు చేసినవాడు. ఊళ్లో పోతన సమాధి అని, ఆయన సాగుచేసిన పొలమని చూపిస్తారు. కడప జిల్లా ఒంటిమిట్ట వాళ్లు పోతన మావాడంటారు. ఇంటి పేరు బమ్మెర కావడం మన వైపు బలమైన ఆధారం. పొలం మాత్రం నమ్మకం, ఆధారం కాదు. వల్మిడి గుట్ట మీద రామాలయం ఉంది, వాల్మీకి అక్కడ ఉన్నాడని స్థానికులు చెప్తారు. అదీ నమ్మకమే. మా నోట్‌బుక్‌లో పేజీకి రెండు గళ్లు గీసుకున్నాం. ఎడమ వైపు "ఆధారం ఉంది", కుడి వైపు "జనం చెప్తారు". కుడి గడిలోవి తక్కువని కాదు. అవి వేరే రకం, అంతే.

విస్నూరు వెళ్లిన రోజు ఇంకో సంగతి జరిగింది. దొర గడి ఉన్న చోటికి రాగానే మాలో ఒకడు సైకిల్ దిగి నడిచాడు. చైను ఊడిందా అంటే లేదన్నాడు. కొంత దూరం పోయాక చెప్పాడు. వాళ్ల తాత ఈ వైపు వస్తే చెప్పులు చేత పట్టుకుని గడి దాటేవాడట. ఆ మాట చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నాడు. కాళ్లు వాటంతట అవే ఆగాయట. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత నలుగురం వెనక్కి తిరిగి, సైకిళ్లెక్కి, అదే బాటలో ఇంకోసారి వచ్చాం. ఈసారి అతను ముందు. గంట కూడా కొట్టాడు. అక్కడ కూర్చున్న పెద్దమనిషి "ఎవల పిల్లలురా?" అని అడిగాడు. హాస్టల్ పిల్లలమని చెప్పాం.

తర్వాత కడవెండి. 1946 జులై 4న సంఘం ఊరేగింపు మీద గడి నుంచి దొర మనుషులు కాల్పులు జరిపినప్పుడు దొడ్డి కొమరయ్య మరణించాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడిగా ఆయన్నే చెప్తారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ వరకు జరిగినదంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఇక్కడ మళ్లీ రాయం. మేము గమనించింది ఒక్కటే. ఐలమ్మ పాలకుర్తి, దొర విస్నూరు, కొమరయ్య కడవెండి. ఒక్క రోజులో సైకిల్ మీద మూడూ తిరిగి రావచ్చు. పుస్తకంలో ఇవి మూడు పేరాలు. బాట మీద చూస్తే ఇరుగుపొరుగు. కబురు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎంత తొందరగా చేరి ఉంటుందో, దొర మనుషులు కూడా అంతే తొందరగా చేరి ఉంటారు.

ఇక గాలి సంగతి. తిరిగి వచ్చేటప్పుడు చెరువు కట్ట మీద వెనుక టైరు కూర్చుంది. తుమ్మ ముల్లు అనుకుని తీసి, పంపుతో కొట్టాం, మళ్లీ దిగింది. మా దగ్గరి సొల్యూషన్ ట్యూబు మూత సరిగా పెట్టక ఎండిపోయింది. అరగంట నెట్టుకుంటూ పోతే పంక్చర్ దుకాణం దొరికింది. ఆయన ట్యూబును నీళ్ల బేసిన్‌లో ముంచితే రెండు చోట్ల పక్కపక్కనే బుడగలు వచ్చాయి. ముల్లు కాదు, గాలి తక్కువై రాయి తగిలినప్పుడు రిమ్ము ట్యూబును నొక్కి చీల్చింది. "గాలి ఎవడు తీసిండు?" అన్నాడు. మా లెక్క చెప్పాం. "లెక్క మంచిదే. ఈ టైరు సన్నది, అంత తగ్గియ్యొద్దు" అన్నాడు. వెడల్పు టైరుకు పనికొచ్చే సూత్రాన్ని సన్న టైరు మీద అంతే గట్టిగా వాడటం మా తప్పు. ప్యాచ్ వేసే ముందు ఆయన టైరు లోపల బట్ట తిప్పి చూశాడు. ఇంకో పల్లేరు ముల్లు దొరికింది. అది వదిలేసి ఉంటే మళ్లీ పంక్చరే.

ఎవరైనా తమ్ముళ్లు వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. రెండు సీసాల నీళ్లు, అటుకులు, పంపు, ఒక తడి బట్ట చాలు. పొద్దున్నే బయల్దేరి ఎండెక్కే లోపు ఆగండి. నోట్‌బుక్ హాస్టల్ లైబ్రరీ బీరువాలో పెట్టాం, ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి. చెరువుల పేర్లు, వాటి కింది పొలాల పేర్లు పెద్దవాళ్లను అడిగి రాయండి. పంపు వాచ్‌మన్ అన్న దగ్గర ఉంది. సొల్యూషన్ మాత్రం కొత్తది కొనుక్కోండి, మాది ఎండిపోయింది.