రోడ్డు ప్రమాదం - ముద్దాయి పక్షాన నాలుగు మాటలు

మన కాలేజీ గేటు బయట ఏ సాయంత్రమైనా నిలబడి చూడండి. ఒక్కో మోటారు సైకిలు మీద ముగ్గురేసి. వాళ్ళలో ఎవరికీ కోర్టుతో పని పడదని గట్టి ధీమా. అటువంటి ధీమా గల కుర్రవాడొకడు కొన్నేళ్ళ క్రితం, ఇంకా ఇండియన్ పీనల్ కోడు అమల్లో ఉన్న రోజుల్లో, రాత్రి తొమ్మిది దాటాక మా ఇంటి తలుపు తట్టాడు. రోడ్డు దాటుతున్న ముసలాయన్ని గుద్దేశాడట. "బండి అక్కడే వదిలేసి వచ్చేశాను సార్. నడిపింది తమ డ్రైవరని రాయిద్దామంటున్నాడు మా బాబాయి. ఏం చేయమంటారు?" అన్నాడు.

"ముసలాయన ఎక్కడున్నాడురా?" అని అడిగాను. వాడికి తెలియదు.

విద్యార్థి మిత్రులారా, ఇటువంటి కేసులో జవాబు మొదలయ్యేది కోర్టులో కాదు, రోడ్డు మీదనే. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం గాయపడినవాణ్ణి దగ్గరి డాక్టరు వద్దకో ఆస్పత్రికో చేర్చే ఏర్పాటు చేయడం డ్రైవరు విధి. జనం కొట్టేట్లున్నారన్నటువంటి, డ్రైవరు చేతిలో లేని కారణాలకు చట్టం మినహాయింపునిచ్చింది. కాని అప్పుడైనా 24 గంటల లోపల పోలీసు స్టేషనులో తెలియజేయాలి. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా రాయాలి.

ఇక డ్రైవరును మార్చే సలహా. ఇది మన ఊళ్ళలో పెద్దమనుషులే ఇస్తారు, అదే విచారం. పోలీసులకు అబద్ధం చెప్పడం మరో నేరం. అది బయటపడిన నాడు అసలు కేసులో మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

అయితే నడిపింది నేనే అని చెప్పడం వేరు, తప్పు నాదే అని ఒప్పుకోవడం వేరు. పేరు, లైసెన్సు, బండి కాగితాలు ఇవ్వవలసిందే. తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ముద్దాయిని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతోంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం ముద్దాయిపై రుజువుగా చెల్లదు. కాబట్టి అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టవద్దు.

2024 జూలై 1 నుంచి జరిగిన ప్రమాదాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. నిర్లక్ష్యంగా నడపడం 281వ సెక్షను, గాయాలు 125, మరణం 106(1). పాత 304-ఎ కింద మరణానికి రెండేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇప్పుడు అయిదేళ్ళ దాకా జైలు, దానితో పాటు జరిమానా. "ఒప్పేసుకో, ఫైను కట్టి వచ్చేద్దాం" అని కోర్టు వరండాలో చెవిలో ఊదేవారు ఈ మార్పు గమనించినట్టు లేరు! మనిషి చనిపోయిన కేసులో వట్టి జరిమానాతో బయటపడే దారి 106(1)లో లేదు. పారిపోయి, పోలీసులకు తెలపనివారికి పదేళ్ళ దాకా శిక్ష చెప్పే 106(2)ను మాత్రం, లారీ డ్రైవర్ల ఆందోళన తర్వాత, ఆ రోజున అమలులోకి తేకుండా ఆపి ఉంచారు. తాగి నడిపితే లెక్క వేరు. బొంబాయి బాంద్రాలో 2006లో పేవ్‌మెంటు మీద నిద్రిస్తున్న ఏడుగురు చనిపోయిన కేసులో 304 రెండో భాగం కింద పడిన శిక్షను 2012లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

మరి ముద్దాయికి ఆధారమేమిటి? ప్రమాదం జరిగినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. "బండి స్పీడుగా వచ్చింది" అని సాక్షి అన్నంత మాత్రాన నిర్లక్ష్యం తేలదని సుప్రీంకోర్టు 1998లో ఒక కర్ణాటక లారీ కేసులో చెప్పింది. 2000లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక బస్సు డ్రైవరు కేసు అక్కడికి వెళ్ళింది. ప్రయాణికురాలు బస్సులోంచి పడి చనిపోయింది. కండక్టరు సిగ్నలు లేకుండానే బస్సు కదిపాడనడానికి సాక్ష్యం లేదని కోర్టు అతని శిక్ష రద్దు చేసింది. అందుకే చార్జిషీటు నకళ్ళు తీసుకొని మీరే చదవాలి. బ్రేకుల మీద మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు రిపోర్టేమంటోంది? స్కెచ్‌లో బండి రోడ్డుకు ఏ పక్క ఉంది? వీధి దీపం ఎంత దూరం? వకీలు ఎంత గొప్పవాడైనా ఆ రాత్రి ఆ రోడ్డు మీద ఉన్నది మీరు, ఆయన కాదు.

నష్టపరిహారం కేసు ట్రిబ్యునల్లో విడిగా నడుస్తుంది. అక్కడ డబ్బు ముట్టినంత మాత్రాన ఇక్కడ క్రిమినల్ కేసు పోదు. గాయాల కేసులో బాధితుడు కోర్టు అనుమతితో రాజీ పడవచ్చు. ప్రాణం పోయిన కేసును అలా రాజీ చేసుకునే వీలు చట్టమివ్వలేదు.

ఆ రాత్రి కుర్రవాణ్ణి వెంటబెట్టుకొని ముందు ఆస్పత్రికి, తర్వాత స్టేషనుకి వెళ్ళాను. ముసలాయనకి కాలు విరిగింది, ప్రాణం దక్కింది. మూడేళ్ళు వాయిదాలు తిరిగాం. ముసలాయన బోనెక్కి, "చీకటి బాబూ, నేనూ చూసుకోలేదు" అన్నాడు. నిర్లక్ష్యం రుజువు కాలేదని ఆ అభియోగం కొట్టేశారు. ఆగకుండా వచ్చేసినందుకు మాత్రం మావాడు జరిమానా కట్టాడు. బయటికి వస్తూ, "అదొక్కటీ న్యాయమే సార్" అన్నాడు.