తల్లీబిడ్డల మనసుకు వైద్యం: పెరినేటల్ సైకాలజీలో కెరీర్

గర్భం నిలిచిన నాటి నుంచి బిడ్డకు రెండు మూడేళ్లు నిండే దాకా తల్లిదండ్రుల మనసును, బిడ్డ ఎదుగుదలను కలిపి చూసే విభాగం పెరినేటల్ మానసిక ఆరోగ్యం. మామూలు సైకోథెరపీలో ఎదురుగా కూర్చునేది సాధారణంగా ఒక్కరే. ఇక్కడ తల్లి ఒళ్లో పసిబిడ్డ ఉంటుంది, పక్కన అమ్మమ్మ ఉంటుంది, తలుపు దగ్గర భర్త నిలబడి ఉంటాడు. ఈ నలుగురి మధ్య ఉన్న బంధమే చికిత్సకు కేంద్రం. మన దేశంలో దీనికి విడిగా డిగ్రీ అంటూ లేదు. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రీ, సోషల్ వర్క్, నర్సింగ్‌లలో ఏదో ఒక దారిలో గట్టి పునాది వేసుకుని, ఆపై ప్రత్యేక శిక్షణ పొందినవారే ఈ రంగంలో స్థిరపడుతున్నారు.

సమస్య ఏ మేరకు ఉంది?

ప్రసవమైన మూడో నాలుగో రోజున చాలామంది బాలింతలకు ఉన్నట్టుండి ఏడుపు వస్తుంది, చిరాకు పుడుతుంది. దీన్ని బేబీ బ్లూస్ అంటారు. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర చాలకపోవడం ఇందుకు తోడవుతాయి. రెండు వారాల్లోపు అదే సర్దుకుంటుంది. మనిషి తోడుంటే చాలు. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డను ఎత్తుకోవాలని అనిపించకపోతే, బిడ్డ పడుకున్నా తల్లికి కునుకు పట్టకపోతే అది ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 2017లో వచ్చిన ఒక సమీక్ష, భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను, 20 వేల మందికి పైగా తల్లుల వివరాలను కలిపి చూసి, బాలింతల్లో సుమారు 22 శాతం మందికి ఈ సమస్య ఉందని లెక్కగట్టింది. అంటే ఐదుగురిలో ఒకరికి పైమాటే.

ప్రసవానంతర సైకోసిస్ అరుదు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో కనిపిస్తుంది. లేనివి వినిపించడం, అకారణ అనుమానాలు, రోజుల తరబడి నిద్ర లేకపోవడం దాని లక్షణాలు. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం ఉండే అత్యవసర స్థితి కాబట్టి వెంటనే ఆస్పత్రిలో చేర్చి మందులు వాడాలి. డిప్రెషన్, ఆందోళన గర్భిణిగా ఉన్నప్పుడే మొదలవడమూ మామూలే. గర్భస్రావం, మృతశిశువు పుట్టడం, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వారాల తరబడి నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ (ఎన్‌ఐసీయూ)లో ఉండటం, కష్టమైన కాన్పు మిగిల్చిన భయం కూడా ఈ నిపుణుల పరిధిలోకే వస్తాయి. తండ్రులూ ఇందుకు మినహాయింపు కాదు. వివిధ దేశాల అధ్యయనాలపై 2010లో వచ్చిన సమీక్ష ప్రకారం కొత్త తండ్రుల్లో సుమారు 10 శాతం మందిలో డిప్రెషన్ కనిపిస్తుంది.

చికిత్స ఎలా సాగుతుంది?

మొదటి మెట్టు గుర్తించడం. దీనికి ఎక్కువగా వాడే సాధనం 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రసవానంతర డిప్రెషన్ స్కేలు. ఇందులో పది ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు ఉంటాయి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి అవునన్న జవాబు వస్తే మొత్తం స్కోరుతో పని లేకుండా వెంటనే మాట్లాడి, భద్రత చూడాలి. స్కేలు అనుమానాన్ని మాత్రమే చెబుతుంది. రోగ నిర్ధారణ ఇంటర్వ్యూతోనే జరుగుతుంది.

తేలికపాటి, మధ్యస్థ డిప్రెషన్‌కు టాక్ థెరపీ మంచి ఫలితం ఇస్తుంది. పాలిచ్చే తల్లులు మందులకు వెనుకాడతారు కనుక ఇక్కడ దాని విలువ మరింత ఎక్కువ. తప్పుడు ఆలోచనల వరుసను పట్టి సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ), బంధుత్వాల్లోని మార్పులపై పనిచేసే ఇంటర్‌పర్సనల్ థెరపీ (ఐపీటీ) ప్రధానమైనవి. కోడలు తల్లిగా, కొడుకు తండ్రిగా మారే దశలో వచ్చే పొరపొచ్చాలు రెండో దానికి సరిగ్గా సరిపోతాయి.

తల్లీబిడ్డలను కలిపి చేసే చికిత్సకు పునాది జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ రూపొందించిన అటాచ్‌మెంట్ సిద్ధాంతం. సైకోఅనలిస్టు సెల్మా ఫ్రైబెర్గ్ 1970లలో అమెరికాలోని మిషిగన్‌లో తల్లుల ఇళ్లకే వెళ్లి, వంటింట్లో కూర్చుని మాట్లాడుతూ పేరెంట్-ఇన్‌ఫెంట్ సైకోథెరపీకి రూపమిచ్చారు. తల్లి తన బాల్యంలో పడ్డ బాధ ఇప్పుడు బిడ్డ ఏడుపును ఆమె వినే తీరును ఎలా మారుస్తుందో చూపడం ఫ్రైబెర్గ్ పద్ధతి. ఇప్పుడు వీడియో పద్ధతులు కూడా వచ్చాయి. బిడ్డతో తల్లి గడిపే కొద్ది నిమిషాలను చిత్రీకరించి, బిడ్డ చూపు తిప్పినప్పుడు తల్లి సరిగ్గా స్పందించిన క్షణాలను ఆమెకే చూపిస్తారు. బిడ్డ రెండేళ్లు దాటి మొండికేసే వయసుకు వస్తే పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ వంటివి ఉపయోగపడతాయి.

థెరపిస్టులు తక్కువగా ఉన్న చోట ఆరోగ్య కార్యకర్తలతో చికిత్స ఇప్పించే ప్రయోగాలు దక్షిణాసియాలోనే జరిగాయి. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో లేడీ హెల్త్ వర్కర్లకు సులభమైన సీబీటీ నేర్పారు. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం ఆరు నెలలకు వారి సాయం పొందిన తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగలగా, పొందనివారిలో 53 శాతం మందికి మిగిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని థింకింగ్ హెల్తీ పేరుతో 2015లో మాన్యువల్‌గా వెలువరించింది. గోవాలో సంగాత్ సంస్థ అదే పద్ధతిని తోటి స్త్రీల చేత ఇప్పించి పరీక్షించింది. ఈ దిశలో శిక్షకులు, పర్యవేక్షకుల అవసరం పెరుగుతోంది.

తీవ్ర స్థితిలో ఉన్న తల్లిని బిడ్డతో సహా చేర్చుకునే మదర్-బేబీ యూనిట్‌ను బెంగళూరులోని నిమ్హాన్స్ 2009లో ప్రారంభించింది. చట్టమూ ఈ సూత్రాన్నే గుర్తించింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదు. బిడ్డకు ముప్పు ఉందని సైకియాట్రిస్టు భావిస్తే తాత్కాలికంగా వేరు చేయవచ్చు. ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి సమీక్షించాలి.

తెలుగు ఇళ్లలో ఈ పని

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం తెలుగు ఇళ్ల ఆనవాయితీ. కాన్పు తర్వాత కొన్ని నెలలు తల్లి చేతి వంట, నిద్రకు వీలు దొరకడం బాలింతకు రక్ష. అయితే భర్త వేరే ఊళ్లో ఉంటాడు, బిడ్డతో బంధం ఆలస్యంగా మొదలవుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తింటికి తిరిగి వెళ్లేటప్పుడు ఆ తోడు తెగిపోతుంది. థెరపీ ప్రణాళిక ఈ మలుపును ముందే లెక్కలోకి తీసుకోవాలి. ఆడపిల్ల పుట్టిందన్న నిట్టూర్పు కూడా ఒక ప్రమాద కారణమే. గోవాలో జరిగిన, 2002లో ప్రచురితమైన అధ్యయనం బిడ్డ లింగానికీ తల్లి డిప్రెషన్‌కూ ఉన్న ఈ ముడిని చూపింది.

డిప్రెషన్ అన్న మాట బాలింతల నోట అరుదుగా వస్తుంది. ఒంట్లో శక్తి లేదు, గుండె దడగా ఉంది, తల బరువుగా ఉంది, పాలు పడటం లేదు అంటారు. ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో అంటారు. ఆ నమ్మకాన్ని కించపరచకుండానే చికిత్స వైపు నడిపించగల భాష థెరపిస్టుకు కావాలి. శ్రీకాకుళం యాస, కరీంనగర్ యాస, అనంతపురం యాస వింటే పట్టుకోగల చెవి ఈ వృత్తిలో పెద్ద ఆస్తి.

చదువు దారులు

క్లినికల్ సైకాలజిస్ట్: సైకాలజీ ఒక సబ్జెక్టుగా డిగ్రీ, ఆపై సైకాలజీలో పీజీ, తర్వాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన రెండేళ్ల ఎం.ఫిల్. ఇదే ఇన్నాళ్లూ ఉన్న దారి. యూజీసీ 2022 నిబంధనలు ఎం.ఫిల్‌ను ఎత్తివేశాయి. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లకు మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా గడువు ఇచ్చారు. క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్ స్థానంలో ఆర్‌సీఐ కొత్త కోర్సులను తెస్తున్నందున, ఎక్కడ చేరాలన్నా ఆ ఏడాదికి ఆ సంస్థకు ఆర్‌సీఐ అనుమతి ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం కేంద్ర రిజిస్టర్‌లో పేరు లేకుండా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడం నేరం.

పీజీకి ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ విభాగాలు ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హెల్త్ సైకాలజీ కేంద్రం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ, మేధో వైకల్యం ఉన్న పిల్లలు, వారి కుటుంబాలతో పనిచేయాలనుకునేవారికి అనువైన జాతీయ సంస్థ. దూరవిద్యలో సైకాలజీ చేద్దామనుకునేవారు ఒక మార్పు గమనించాలి. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో అందించరాదని యూజీసీ విశ్వవిద్యాలయాలను ఆదేశించింది.

సైకియాట్రిస్ట్: ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీ ద్వారా మూడేళ్ల ఎం.డి. సైకియాట్రీ. ఈ బృందంలో మందులు రాసే బాధ్యత వీరిది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఏ మందు సురక్షితమో తేల్చడం ఒక ప్రత్యేక నైపుణ్యం.

సైకియాట్రిక్ సోషల్ వర్కర్: ఎంఎస్‌డబ్ల్యూ, ఆపై ప్రత్యేక శిక్షణ. గృహహింస, ఆర్థిక ఇబ్బంది, కుటుంబ తగాదాలు ఉన్న కేసుల్లో వీరి పాత్ర కీలకం.

నర్సులు, మిడ్‌వైఫ్‌లు: బీఎస్సీ నర్సింగ్ తర్వాత ఎమ్మెస్సీ సైకియాట్రిక్ నర్సింగ్ చేయవచ్చు. కేంద్రం 2018లో మార్గదర్శకాలిచ్చిన 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫరీ శిక్షణ మరో దారి. గర్భిణిని పదే పదే చూసేది వీరే కాబట్టి దిగులును ముందుగా పసిగట్టేదీ వీరే.

కౌన్సెలర్: సైకాలజీ పీజీతో కౌన్సెలింగ్ చేయవచ్చు. 2021 నాటి అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం ఈ వర్గాన్ని నియంత్రణ పరిధిలోకి తెచ్చింది. కొద్ది వారాల సర్టిఫికెట్ కోర్సు పునాది చదువుకు ప్రత్యామ్నాయం కాదు. పీజీ ఉన్నవారికి అదనపు మెరుగు మాత్రమే.

ప్రత్యేక శిక్షణ

పెరినేటల్ నైపుణ్యం ఎక్కువగా పని చేస్తూనే వస్తుంది. పీజీలో ఉండగానే ప్రసూతి ఆస్పత్రి, పిల్లల వార్డు, ఎన్‌ఐసీయూలలో ఇంటర్న్‌షిప్ చేయడం మంచి ఆరంభం. డిసర్టేషన్‌కు ఇదే అంశం ఎంచుకోవచ్చు. తర్వాత ఐపీటీ, సీబీటీ, పేరెంట్-ఇన్‌ఫెంట్ పద్ధతుల్లో పర్యవేక్షణతో కూడిన శిక్షణ పొందాలి. పోస్ట్‌పార్టమ్ సపోర్ట్ ఇంటర్నేషనల్ సంస్థ ఇచ్చే పెరినేటల్ మానసిక ఆరోగ్య ధ్రువీకరణ (పీఎంహెచ్-సీ) అంతర్జాతీయంగా తెలిసినది. పసిపిల్లల ఎదుగుదల మైలురాళ్లు, పాలివ్వడం, నవజాత శిశువు నిద్ర గురించిన ప్రాథమిక జ్ఞానం తప్పనిసరి. బిడ్డ రాత్రి ఎన్నిసార్లు లేవడం సహజమో తెలియని థెరపిస్టు తల్లి అలసటను సరిగా అంచనా వేయలేరు.

ఉద్యోగాలు ఎక్కడ?

ప్రభుత్వ రంగంలో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖ మానసిక వైద్యశాల, వైద్య కళాశాలల సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందాల్లో క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్ పోస్టులు ఉంటాయి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా ముందస్తు చికిత్స కేంద్రాల్లో సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలి. ఇలాంటి చాలా పోస్టులు కాంట్రాక్టు పద్ధతిలో భర్తీ అవుతాయి కాబట్టి జీతం, కొనసాగింపు నిబంధనలు ముందే చదువుకోవాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ (14416) మానసిక ఆరోగ్య ఫోన్ సేవ తెలుగులోనూ నడుస్తోంది. అక్కడ శిక్షణ పొందిన కౌన్సెలర్లకు అవకాశం ఉంది.

ప్రైవేటు రంగంలో ప్రసూతి ఆస్పత్రులు, పిల్లల ఆస్పత్రులు, ఆటిజం, ఎదుగుదల లోపాల కేంద్రాలు ప్రధానం. సంతాన సాఫల్య కేంద్రాలు మరో ద్వారం. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత (ఏఆర్‌టీ) చట్టం, 2022 నిబంధనల ప్రకారం ఐవీఎఫ్ క్లినిక్‌లలో కౌన్సెలర్ ఉండాలి. తగిన అనుభవం వచ్చాక సొంత ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. విదేశాల్లో ఉన్న తెలుగు తల్లులకు మాతృభాషలో ఆన్‌లైన్ థెరపీ అవసరమే అయినా, ఆయా దేశాల లైసెన్సు నిబంధనలు వర్తిస్తాయి. బ్రిటన్‌లో పనిచేయాలంటే హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ (హెచ్‌సీపీసీ) రిజిస్ట్రేషన్, అమెరికాలో ఆయా రాష్ట్రాల లైసెన్సు కావాలి.

ఎవరికి నప్పుతుంది?

ఇంటర్ పూర్తయిన నాటి నుంచి లెక్కేస్తే క్లినికల్ సైకాలజిస్టుగా రిజిస్ట్రేషన్ చేతికి రావడానికి ఏడేళ్ల దాకా పడుతుంది. గంటల తరబడి ఏడుపు వింటూ, ఒకే గదిలో ముగ్గురు మూడు రకాలుగా చెప్పే కథను సమంగా వినగలగాలి. అత్తగారిని, భర్తను ప్రతివాదులుగా నిలబెట్టకుండా చికిత్సలో భాగస్వాములను చేయగలగాలి. గోప్యత ఇక్కడ మరీ కష్టం; తల్లి ఒంటరిగా మాట్లాడే సమయం ప్రతి సందర్శనలో కొంతైనా కల్పించాలి. ఆత్మహత్య ఆలోచన, సైకోసిస్, గృహహింస కనిపించిన క్షణమే సైకియాట్రిస్టుకు, అవసరమైతే రక్షణ వ్యవస్థకు పంపే నిబద్ధత ఉండాలి. మృతశిశువులు, ఆత్మహత్యాయత్నాల వంటి కేసులు థెరపిస్టు మనసునూ తాకుతాయి. అందుకే సీనియర్ దగ్గర క్రమం తప్పని సూపర్‌విజన్ ఈ వృత్తిలో శిక్షణ కాలంతో ముగియదు. ప్రాక్టీసు ఉన్నన్నాళ్లూ కొనసాగుతుంది.